సోమవారం తెరిచి ఉన్న చోటు

గద్వాల,
12 జనవరి 2025

ఆపాకు తమ్ముడు మహమూద్ సలాములు. ఇక్కడ అందరం ఖైరియత్. నీ మరదలికి దగ్గు తగ్గింది, నోరు తగ్గలేదు.

ఈ ఉత్తరం కండక్టర్ తిరుపతయ్య చేతికిచ్చి పంపుతున్న. హైదరాబాద్ బస్సు మీ కొత్తకోటలో ఆగంగనే మన అల్లుడు మునవ్వర్ లారీ షెడ్డు కాడ ఇచ్చిపోతడు. చాయ్ తాగించు, ఉత్త నోటితో పంపకు. నాకు ఫోన్ ఎందుకు ఎత్తవు అని నీ బిడ్డ గజాలాతో అడిగించినవంట. ఎత్తి ఏం లాభం? ముప్పై ఏండ్లు ఇంజను పక్కన నిలబడి టికెట్లు కొట్టిన చెవులు ఇవి. ఫోన్లో నీ మాట నాకు గేరు మార్చిన చప్పుడు లెక్క వినిపిస్తది. కాగితం మీదైతే నువ్వు తిట్టినా స్పష్టంగ అర్థమైతది.

ఇగ అసలు సంగతి. ఢిల్లీ టికెట్లు దొరికినయ్. నువ్వు, నేను, గజాలా, మునవ్వర్. ఫిబ్రవరి 8, శనివారం కాచిగూడలో ఎక్కుతం, సోమవారం పొద్దుగాల ఢిల్లీలో దిగుతం. గురువారం తిరుగు రైలు. బస పాత ఢిల్లీలో ఒక ముసాఫిర్‌ఖానా, మా డిపో మెకానిక్ చుట్టానిది. పక్కబట్టలు మనమే తీసుకపోవాలె. దారి తిండికి సజ్జ రొట్టెలు, పల్లీల పొడి, చింతకాయ తొక్కు నువ్వు కట్టు. రైల్లో అమ్మే బిర్యానీ వాసన చూసి మునవ్వర్ ఆగమైతడు, వానికి కిటికీ పక్కన సీటు ఇయ్యద్దు.

చూసే చోట్లకు షెడ్యూలు వేసిన. సోమవారం పెద్ద మ్యూజియం, దాని వెనక ఇంకో రెండు మ్యూజియాలు. మంగళవారం గాంధీ సమాధి, రైలు మ్యూజియం. బుధవారం కోట, కుతుబ్ మినార్. ఒక్కో దానికి గంట, మధ్యలో టిఫిన్ హాల్టు. అన్నీ సిటీ బస్సులోనే, ఆటో ఎక్కేది లేదు. ఇండియా గేట్ పక్కన ఉన్న సైనికుల స్మారకం రిక్వెస్ట్ స్టాప్ కింద పెట్టిన. ఓపిక ఉండి ఎవరన్న చెయ్యెత్తితే ఆగుతం.

బీపీ గోళీలు మరువకు.

నీ తమ్ముడు,
మహమూద్ (రిటైర్డ్ కండక్టర్)


కొత్తకోట,
17 జనవరి

తమ్మునికి కుల్సుమ్‌బీ దువాలు.

నీ ఉత్తరం గజాలా పైకి చదివి పడిపడి నవ్వింది. నాకు నవ్వు రాలే. కాగితం చేతిల పట్టుకొని ఇంట్లకు బయటికి తిరుగుతనే ఉన్న. పొయ్యి మీద పాలు పొంగిపోయినయ్, అవి గూడ నీ ఖాతాలనే రాసుకో.

నేను ఢిల్లీకి ఎందుకు వస్త అన్ననో నీకు ఎరిక లేదా? పాత కుండలు చూడనీకా? మా అటక మీద ఉన్నయ్ శానా. నా కొడుకు ఉవైస్ సరిహద్దుల కాల్పులల్ల పోయి ఏడేండ్లాయె. ఆ గోడ మీద వాని పేరు చెక్కిండ్రు అని వాని మిలట్రీ దోస్తు ఫోటో పంపిండు. ఫోటోల చూసుడు చూసుడేనా? ఆ పేరు మీద నేను చెయ్యి పెట్టాలె. నా కొడుకు పేరు నీకు రిక్వెస్ట్ స్టాప్ అయిందా? నేను రోడ్డు మీద నిలబడి చెయ్యెత్తాల్నా?

వాని సమాధి ఉన్న ఖబ్రస్తాన్‌ల మన ఆడోళ్లు అడుగు పెట్టరు. రివాజు రివాజే. ఏడేండ్లల్ల నేను ఒక్కనాడు నోరు తెరవలే. కని గోడకు రివాజు లేదు గదా. కన్నతల్లికి ఒక్క జాగ అన్న ఉండొద్దా?

ఇంకొకటి. టికెట్లు కొనేటప్పుడు ఉర్దూ క్యాలెండర్ చూసినవా? ఫిబ్రవరి పదమూడు షబే బరాత్, పోయినోళ్లకు దువా చేసే దినం. ఏటా ఆ దినం నువ్వే వచ్చి ఉవైస్ ఖబరు సాఫ్ చేసి, సున్నం కొట్టి, పూలు పెట్టి ఫాతిహా చదువుతవ్. మునవ్వర్‌కు ఆ దినం షెడ్డు నిండ లారీలుంటయ్, వానితోని ఎన్నడు కాలే. ఈసారి మనమంతా రైల్ల ఉంటే ఉవైస్‌కు దిక్కెవరు? పండుగ దినం అందరి ఖబర్లు తెల్లగ ఉండి వానిది ఒక్కటే గడ్డి మొలిచి ఉండాల్నా? టికెట్లు మార్చు. లేకుంటే నేను రాను. మీరు పోయి కుండలు చూసి రాండ్రి.

తిరుపతయ్యకు చాయ్ ఇచ్చిన, రెండు ఉస్మానియా బిస్కెట్లు గూడ. నీ లెక్క పిసినారిని కాదు.

నీ ఆపా


గద్వాల,
5 ఫిబ్రవరి

ఆపాకు సలాములు.

ఇన్ని దినాలు జవాబు రాయలేదని నువ్వు నిప్పులు కక్కుతున్నవని తిరుపతయ్య చెప్పిండు. తప్పించుకోలేదు, టికెట్ల కోసం స్టేషన్ చుట్టూ తిరుగుతున్న. తారీఖులు మారలేదు. ఆ వారం దాటితే రంజాన్ దాకా సీట్లు లేవు.

స్మారకాన్ని రిక్వెస్ట్ నుంచి తీసేసి మంగళవారం మొదటి స్టేజిగ పెట్టిన. ఇగ కోపం తగ్గించు. ఖబరు సంగతి పరేషాన్ కాకు. మసీదు పిల్లలకు పురమాయించిన, సున్నం, పూలు అన్నీ చూసుకుంటరు.

ఇంకో మాట. నేను రావట్లేదు. మోకాలు పట్టేసింది. మెట్లు ఎక్కుడు దిగుడు నా తోని కాదు. నా ఒక్కని టికెట్ రద్దు చేసిన. మునవ్వర్‌కు అన్నీ రాసిచ్చిన, ఏ బస్సు ఎక్కడ ఎక్కాలె, ఎక్కడ దిగాలె. గజాలాకు చెప్పు, గుంపుల నీ చెయ్యి వదలొద్దని. ఎప్పుడన్న మెట్రో ఎక్కితే తలుపు దానంతటదే మూసుకుంటది, 'ఆపు ఆపు' అని డ్రైవర్‌ను పిలిస్తే వినడు.

నువ్వు రాను అనకు ఆపా. వద్దనుకుంటే మల్ల ఎన్నడూ పోవు.

నీ తమ్ముడు,
మహమూద్


పాత ఢిల్లీ, ముసాఫిర్‌ఖానా,
11 ఫిబ్రవరి, మంగళవారం

తమ్మునికి కుల్సుమ్‌బీ దువాలు.

ఇది పోస్టుల వేస్తున్న, తిరుపతయ్య బస్సు ఇంత దూరం రాదు. రైల్ల కూచున్న కాడ నిలువలే, నిలుచున్న కాడ కూచోలే. పక్క సీటు పంజాబీ ఆమె 'కడుపు నొప్పా బహెన్' అని వాము ఇచ్చింది.

ముందుగాల నీ షెడ్యూలు ముచ్చట. నిన్న పొద్దుగాల సామాను పెట్టి, నువ్వు రాసిన బస్సే ఎక్కి పెద్ద మ్యూజియం కాడ దిగినం. గేటుకు తాళం. ఇంకోదానికి నడిచినం. ఆడ గూడ తాళం. మూడోదాని కాడ చౌకీదారు మా మొఖాలు చూసి "ఆజ్ సోమ్‌వార్ హై అమ్మాజీ" అన్నడు. సోమవారం మ్యూజియాలకు సెలవంట! నీ బస్సు ఏ సోమవారం ఆగింది గనక నీకు తెలుస్తది? గజాలా ఫుట్‌పాత్ మీద కూచొని రొట్టెల మూట విప్పింది. మునవ్వర్ ఫోన్ల ఎతికి ఎతికి, తల ఎత్తకుండనే, "అమ్మీ, ఈ పొద్దు తెరిచి ఉన్నది అదొక్కటే" అన్నడు. ఏది అని నేను అడగలే. రొట్టె మూట కట్టేయమన్న.

పోయినం. టికెట్ లేదు, ఎవరన్న పోవచ్చు. గుండ్రంగ గోడలు, ఒకదాని వెనక ఒకటి, రాయి రాయికి ఒక పేరు. ఎంతమంది పిల్లలురా! ఎంతమందిని కన్నరురా తల్లులు! గజాలా వేలు పెట్టి చదువుకుంట పోయింది. ఒక్క కాడ ఆగింది. జరిగి జాగ ఇచ్చింది.

చెయ్యి పెట్టిన.

రాయి ఎండకు ఎచ్చగ ఉన్నది. దుమ్ముంటదేమో అని కొంగుతోని తుడిచిన. కొంగు చూసుకుంటే తెల్లగనే ఉన్నది. దుమ్ము లేదు. ఎవరో పొద్దుగాల్నే కడిగి తుడిచి పోయిండ్రు. మంచోళ్లు, వాళ్లకు దువా. కని నేను ఇంత దూరం వచ్చి ఇంక ఏం చెయ్యాలె? ఫాతిహా మొదలు పెట్టిన, నడుమ మరిచిపోయిన. ఎన్నడన్న మరిచిన్నా నేను? అది వాని పేరే. వాడు అక్కడ లేడు.

అంతల మునవ్వర్ వచ్చి "అమ్మీ, సాలు, పోదాం. మామూ చెప్పిండు, ఎక్కువసేపు నిలబెట్టొద్దని" అన్నడు. ఆ మాట ఇనంగనే నాకు నెత్తి మీద నీళ్లు కాగినట్టయింది. అంటే నువ్వు గద్వాల కాడ కూచొని, నా కొడుకు దగ్గర నేను ఎంతసేపు నిలబడాల్నో గూడ షెడ్యూలు వేసినవా? నీ మోకాలు సంగతి గూడ తెలిసింది. గజాలా మీ ఇంటికి ఫోన్ చేస్తే నువ్వు సైకిల్ తొక్కుకుంట బజారుకు పోయినవని చెప్పిండ్రు. మోకాలు పట్టేసినోడు సైకిల్ తొక్కుతడా? ఆడది సచ్చినోళ్ల కాడికి పోవద్దు, అది గోడైనా సరే, అని నీ మనసుల ఉన్నది. మొఖం మీద అనలేక మోకాలు అడ్డం పెట్టినవ్.

ఈ పొద్దు గాంధీ సమాధికి పోయినం. ఆడ ఆడోళ్లు, మొగోళ్లు, సంక పిల్లలతోని తల్లులు, చెప్పులిడిచి చుట్టు తిరుగుతున్నరు. ఎవ్వరు ఆపలే. ఆడికెళ్లి పెద్ద మ్యూజియం. నిన్న తాళమున్నదే. లోపల అద్దాల పెట్టెల ఒక ఆడమనిషి ఎముకల గూడు పండవెట్టిండ్రు. వేల ఏండ్ల కిందట పూడ్చిన ఆమె అంట. చేతికి గాజులు అట్లనే ఉన్నయ్. బడిపిల్లలు అద్దానికి ముక్కులు ఆనించి చూస్తున్నరు. నేను ఆడికెళ్లి కదలలే. గజాలా గుంజుతున్నది, నేను కదలలే. ఎవరో తెల్వని ఆమె, ఏ కాలంల పోయిందో తెల్వని ఆమె, ఆమె ఖబరు ముంగట నేను టికెట్ కొని నిలబడొచ్చు. మా గల్లీ దాటి, హైవే దాటి నడిస్తే వచ్చే నా కొడుకు కాడ నిలబడొద్దు. ఇది ఏం న్యాయం? సూటిగ చెప్పు. షెడ్యూలు వేసి చెప్పకు.

రేపు కోటకు పోదాం అంటున్నరు. నాకు పాణం ఆడ లేదు. ఇంటికి పోవాలె అనిపిస్తున్నది.

కుల్సుమ్‌బీ


గద్వాల,
14 ఫిబ్రవరి

ఆపాకు సలాములు.

మీరు రైల్లో ఉంటరు. ఢిల్లీ నుంచి ఉత్తరం వేసినవని గజాలా మెసేజ్ పెట్టింది, నాకు ఇంకా రాలేదు. నువ్వు ఇంటికి చేరేసరికి నా ఉత్తరం నీ చేతిలో ఉండాలె అని ఇది తిరుపతయ్యకు ఇస్తున్న.

ఇగ దాచుడెందుకు? నా మోకాలుకు ఏం కాలేదు. మసీదు పిల్లలకు ఏం పురమాయించలేదు. నువ్వు క్యాలెండర్ గురించి రాసిన ఉత్తరం చదివిన దినమే అనుకున్న, మనిద్దరిలో ఒకరు ఇక్కడ ఉండాలె అని. ఉన్నది ఉన్నట్టు చెప్తే నువ్వు 'అయితే నేను గూడ పోను' అని మూట విప్పేస్తవ్. అందుకే మోకాలు మీద పెట్టిన. దేవుడు నిజంగనే పట్టించకుంటే సాలు. ఆ గోడ నాకు గూడ చూడాలనే ఉండె ఆపా. ఉవైస్‌ను సంకన ఎత్తుకొని గద్వాల కోట చుట్టు తిప్పింది నేనే గదా.

నిన్న పొద్దుగాల బస్సుకే కొత్తకోటకు వచ్చిన. సున్నం, కుంచె, పూలు గద్వాల బజారులనే కొన్న. గడ్డి మొత్తం పీకేసిన. ఆకు గూడ లేకుండ ఊడ్చిన. రెండుసార్లు సున్నం వేసిన. అసర్ నమాజు తర్వాత పూలు పెట్టి ఫాతిహా చదివిన, నీ పేరున గూడ చదివిన. నీకు చేసేటందుకు ఏ పనీ మిగలలేదు. నిశ్చింతగ ఉండు.

మునవ్వర్‌కు ఒక మాట చెప్పిన, నిన్ను గోడ కాడ ఎక్కువసేపు నిలబెట్టొద్దని. నీ బీపీ భయం. అంతే. ఊరు గాని ఊర్ల పడిపోతే ఏ దవాఖానకు పోతరు?

గోడ ఎట్లున్నదో రాయి.

నీ తమ్ముడు,
మహమూద్


కొత్తకోట,
18 ఫిబ్రవరి

తమ్మునికి కుల్సుమ్‌బీ దువాలు.

మన ఉత్తరాలు దారిల ఒకదానికొకటి ఎదురుపడి సలాం చెప్పుకున్నట్టున్నయ్. నాది నీకు అంది ఉంటది. అందుల మోకాలు గురించి రాసిన మాటలు నెత్తికెక్కించుకోకు. తెల్వక అన్న. నువ్వు సీటు ఇడిచిపెట్టి ఖబరు కాడ ఉన్నవని చదివి, కాగితం మొఖం మీద పెట్టుకొని ఏడ్సిన. ఇంత మంచోనివి ఇంత పెద్ద అబద్ధం ఆడితే మనిషి ఏమనుకోవాలె?

కని ఒక మాట నా గొంతుల ఇరికింది. నీకు ఏ పనీ మిగలలేదు అని రాసినవ్. అది నాకు నిమ్మళం అయితదనుకున్నవ్. కాలే. నా బాధే అది.

వాడు పెట్టెల వచ్చిన దినం నువ్వే నా రెండు చేతులు పట్టుకొని ఖబ్రస్తాన్ గేటు కాడ ఆపినవ్. నేను ఆగిన. వానికి స్నానం పోసింది మొగోళ్లు. కఫన్ కట్టింది మొగోళ్లు. మోసింది, దించింది, మట్టి ఏసింది మొగోళ్లు. ఏటా ఊడ్చేది నువ్వు. ఢిల్లీల పేరు తుడిచేటోళ్లు ఎవరో గవుర్మెంటోళ్లు. నేను ఏం చేసిన? ఇంట్ల కూచొని హల్వా చేసిన. ఇరవై నాలుగేండ్లు వాని ముక్కు తుడిచి, తల దువ్వి, అంగీ గుండీలు కుట్టిన చేతులురా ఇవి. ఏడేండ్ల సంది ఖాళీ. గోడ మీద ఇంత దుమ్ము ఉండి ఉంటే బాగుండు అనిపించింది. దానికోసం గూడ మొఖం వాచి వచ్చిన.

ఆడది లోపలికొస్తే రొమ్ములు బాదుకొని ఏడుస్తది అని రివాజు పెట్టి ఉంటరు. ఏడ్వనీకి నాకు ఇల్లు సాలదా? నేను ఊడ్వనీకి పోత.

ఇప్పుడు ఈ ఉత్తరం చదివి మల్ల ఏదో ఒకటి పురమాయించకు. నువ్వు ఒప్పుకుంటవా లేదా, అది రాయి. ఒప్పుకోకుంటే నేను ఒక్కదాన్నే పోత. ఈసారి చేతులు పట్టి ఆపినా ఆగ.

కుల్సుమ్‌బీ


గద్వాల,
20 ఫిబ్రవరి

ఆపాకు సలాములు.

నీ రెండు ఉత్తరాలు ముంగట పెట్టుకొని ఈ నాలుగు ముక్కలు రాస్తున్న.

నిన్న కొత్తకోటకు వచ్చిన, నీకు చెప్పలేదు. ఇమామ్ సాబ్‌ను అడిగిన. "సబర్‌తో, ఏడ్పులు లేకుండ వచ్చి, దువా చేసి పోతే నేనైతే తప్పు అనను. రివాజు సంగతి ఖబ్రస్తాన్ చూసుకునే ముతవల్లి సాబ్‌తో మాట్లాడుకో" అన్నడు. ముతవల్లి సాబ్ కాడికి పోయిన. "ఈ పొద్దు నీ అక్క వస్తది, రేపు ఊరి ఆడోళ్లందరు వస్తరు" అన్నడు.

"రానీయండ్రి సాబ్, లోపలున్నది వాళ్ల పిల్లలే గదా" అన్న.

ఆయన ఇంకా ఏదేదో అన్నడు, శానాసేపు అన్నడు. నా చెవుల సంగతి నీకు తెలుసు గదా. సలాం చెప్పి వచ్చేసిన.

ఆదివారం మొదటి బస్సుకు వస్త. చీపురు, నీళ్ల బిందె నువ్వే తెచ్చుకో, నేను ఏం తేను. లోపలికి రాను గూడ. వాని ఖబరు గేటు కాడ నుంచి నాలుగో వరుస, వేపచెట్టు దిక్కు. నేను బయట కూచుంట. ఎవరన్న వచ్చి అడిగితే నేను జవాబు చెప్పుకుంట. నీకు ఎంతసేపు కావాల్నో అంతసేపు ఉండు.

మహమూద్


కొత్తకోట,
24 ఫిబ్రవరి

తమ్మునికి కుల్సుమ్‌బీ దువాలు.

నిన్న నువ్వు గేటు బయట రాయి మీద అటు మర్లి కూచున్నవ్. నేను లోపల ఏం చేసిన్నో చూడలే, వచ్చినంక అడగలే. అడిగితే చెప్దును, కని నీకు వినపడేటట్టు చెప్తే హైవే మీద లారోళ్లందరికీ తెలుస్తది. అందుకే రాస్తున్న.

నాలుగో వరుస దొరికింది. పోయినంక మొదలు వాణ్ని తిట్టిన. ఆఖరిసారి సెలవు నుంచి పోయేటప్పుడు కట్టిచ్చిన అరిసెలు సగం దోస్తులకు పంచిపెట్టిండు గదా, దాని మీద తిట్టిన. ఇంకా ఏమేమో తిట్టిన. తర్వాత చీపురు పట్టిన. వేపాకు రాలే దినాలు, నువ్వు ఊడ్చిపోయిన జాగ మల్ల నిండిపోయింది. మంచిగైంది. నీ సున్నం పని ఏం బాగలేదు, చెప్తున్న. పై దిక్కు మందం, కాళ్ల దిక్కు పల్చన. మొగోళ్ల పని గింతే.

తల దిక్కు మట్టి కుంగింది, చూసినవా? నువ్వు దాని మీదనే సున్నం పూసినవ్. బయటికెళ్లి మట్టి దోసిళ్లతోని తెచ్చి, నీళ్లు చల్లి, చేతులతోనే సదును చేసిన. ఎంత చిన్న జాగరా అది! మంచం మీద పండితే కాళ్లు బయటికొచ్చేటోడు. దుప్పటి ఎప్పుడు సరిపోలే వానికి. ఆడ కూచొని ఏడ్సిన. ఏడ్వను అని రాసిన గదా, ఏడ్సిన. ఎవరికీ వినపడకుండ, మట్టి సదును చేసుకుంటనే. ఫాతిహా మొత్తం చదివిన. ఈసారి ఒక్క ముక్క మరువలే.

నిన్ను బస్సు ఎక్కిచ్చి వస్తుంటే మా గల్లీ చివరి ఇంటి ఆమె, పోయినేడు మొగడు పోయిండు చూడు, తలుపు సందు నుంచి పిలిచింది. "మల్ల ఎప్పుడు పోతవ్ ఆపా?" అని అడిగింది. శుక్రవారం, జుమ్మా దినం రా అన్న. మీ ముతవల్లి సాబ్‌కు ఇంకో కబురు చెప్పుకో.

ఇంటికి వచ్చి రొట్టెలకు పిండి కలుపుదామని కూచున్న. గజాలా నా చేతులు పట్టుకొని చూసింది. "అమ్మీ, గోళ్ల నిండ మట్టి ఉన్నది, కడుక్కో పో" అన్నది.

పిండి నువ్వే పిసుకు అన్న.

నీ ఆపా,
కుల్సుమ్‌బీ